గోధుమ దొరకని వీధి

వంటింటి పక్క గది

ఈమధ్య మా బంధువుల అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చింది. డైటీషియన్ కోర్సులో చేరిందట. "ఆసుపత్రిలో మన పని ఎలా ఉంటుందండీ?" అని అడిగింది. తెల్లకోటు వేసుకుని చల్లటి గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళకి ఇది తినండి, అది మానండి అని చెప్పడమే అనుకుంటున్నట్టుంది. చిన్నపిల్ల, ఆదిలోనే హంసపాదు ఎందుకని ఆ పూటకి నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్నది నోటితోనే కాబట్టి ఇప్పుడు చేత్తో రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో చేరింది డెబ్భైల మొదట్లో. నాకిచ్చిన గది వంటింటిని ఆనుకుని ఉండేది. పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే ఖనిజం తాలూకు ఎర్రదుమ్ము, తిరక్కపోతే మన పొయ్యిల మసి. తెల్లకోటు మధ్యాహ్నందాకా తెల్లగా ఉంటే ఆ రోజు నేను సెలవులో ఉన్నట్టే లెక్క. పప్పు ఉడికిందా, పాలల్లో నీళ్ళెన్ని, షుగరు రోగి మంచం మీదికి పాయసం ఎలా వెళ్ళింది, పొద్దంతా నాకు ఇదే పని. పుస్తకాల్లో చదివిన విటమిన్ల సంగతి ఎవరూ అడగలేదు. అయినా ఆ పని నాకు నచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూసినా నచ్చిందనే చెబుతాను.

రొట్టె రోగుల తిండి

ఇప్పటి పిల్లలకి ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో మన వైపు ఎవరైనా చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టుతో కనిపిస్తే, "ఏటి, ఇంట్లో ఎవలికి బాగోనేదు?" అని పలకరించేవాళ్ళు. అన్నం ఒంట్లో బాగున్నవాళ్ళ తిండి. జ్వరం తగిలిందా, అన్నం బందు. బ్రెడ్డు, పాలు, గోధుమరవ్వ జావ, ఒంటికి చలవ అని బార్లీ నీళ్ళు. వీలున్నవాళ్ళయితే డబ్బాలో దొరికే మాల్ట్ పొడి. మా ఆసుపత్రిలో "తేలిక డైటు" అన్నదీ ఇదే. ఏ జబ్బుతో వచ్చినా ముందు ఆ డైటు రాసేవాళ్ళు, తర్వాతే జబ్బేమిటో ఆలోచించేవాళ్ళు.

పిల్లల వార్డుకి పెద్ద డాక్టరుగారు ఒకాయన ఉండేవారు. కోపం ముక్కు మీదే ఉండేది. చారులో ఉప్పు ఎక్కువైతే గిన్నె పట్టుకుని వంటింటిదాకా వచ్చి, "సముద్రం ఎలాగూ పక్కనే ఉంది, నువ్వు మళ్ళీ వండటం ఎందుకమ్మా?" అని పోయేవారు. కానీ ఆయనలో ఒక సుగుణం ఉంది. పిల్లలకి వెళ్ళే ప్రతిదీ ముందు తాను రుచి చూసేవారు. రోగి తినే తిండిని రుచి చూసిన డాక్టర్లని నేను సర్వీసు మొత్తంలో వేళ్ళమీద లెక్కపెట్టగలను. మీకు అలాంటి పెద్ద దొరికితే ఆయన తిట్లు దులిపేసుకుని ఆయన వెనకే తిరగండి.

సత్తి

సత్యవతిని మా దగ్గరికి తెచ్చింది డెబ్భైల చివర్లో. ఇంట్లోవాళ్ళకి సత్తి. బళ్ళో చేరి ఏడాది దాటిన పిల్ల, చూస్తే ఇంకా చంక దిగనట్టే ఉంది. పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లలై, జుట్టు ఎర్రబడి, ఎవరు పలకరించినా విసుక్కునేది. విరేచనాలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలయ్యేవి.

తండ్రి సన్నాసిరావు పోర్టులో క్రేను నడిపేవాడు. విజయనగరం వైపు పల్లెలో వ్యవసాయం వదులుకుని వచ్చి, కంచరపాలెంలో రైలుపట్టాలకి దగ్గరగా ఒక పెంకుటింట్లో ఉండేవారు. తల్లి రమణమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికి పెద్దదిక్కు నాయనమ్మ అప్పలనరసమ్మ. కొడుక్కి చాలాకాలం పిల్లలు లేకపోతే సత్యనారాయణస్వామికి మొక్కుకుందట. పుట్టిన పిల్లకి ఆ స్వామి పేరే పెట్టుకుంది.

ఆ పిల్లకి నులిపురుగుల మందు, లివర్ టానిక్కు, తాయెత్తు, దిష్టి అన్నీ అయిపోయాయి. వార్డులో చేర్చుకుని మేము తేలిక డైటు మొదలుపెట్టాం. పిల్ల ఇంకా నీరసించింది. అప్పుడు పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచారు.

"నేను ఉత్తరాదిలో పనిచేసినప్పుడు ఇలాంటి పిల్లల్ని చూశానమ్మా. సీలియాక్ జబ్బంటారు. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ అనే జిగురు వీళ్ళకి పడదు. తిన్నకొద్దీ పేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఇక ఏం పెట్టినా ఒంటికి పట్టదు. అయితే వాళ్ళంతా రొట్టెలు తినే ఇళ్ళ పిల్లలు. మన అన్నం తినేవాళ్ళకి ఇది రాదంటారు."

"మరి ఈ పిల్ల?"

"గోధుమ ఆపి చూద్దాం. పేగుముక్క తీసి చూసే సాధనం మన దగ్గర లేదు. ఆపితే తగ్గాలి, మళ్ళీ పెడితే తిరగబెట్టాలి. మనకున్న పరీక్ష ఇంతే."

అన్నం తినే ఇంట్లో గోధుమ ఎక్కడిదని మీకూ అనుమానం రావచ్చు. నేను రమణమ్మని కూర్చోబెట్టి అడిగాను. బళ్ళో మధ్యాహ్నం పెట్టేది గోధుమరవ్వ ఉప్మా. రేషన్లో బియ్యం చాలకపోతే ఇచ్చేది గోధుమలు. జబ్బు చేసిన దగ్గర్నుంచీ బ్రెడ్డు, బార్లీతో చేసే మాల్టు. అన్నిటికీ మించి, పోర్టు క్యాంటీన్లో తనకిచ్చే బన్నుని సన్నాసిరావు తినకుండా రోజూ రుమాల్లో చుట్టి తెచ్చేవాడు.

"నాను తినకుండా తెచ్చీవోడ్నండీ," అన్నాడు ఆ బన్నే చెరుపు చేసిందని విని. "దగ్గర కూకోబెట్టుకుని నా సేత్తోనే పెట్టీవోడ్ని." తర్వాత వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేనే వెళ్ళి చెప్పాను, రేపట్నుంచి అరటిపండు తెమ్మని. తెచ్చాడు. పిల్లకే కాదు, వార్డంతటికీ పంచాడు.

గోధుమ ఆపిన కొన్నాళ్ళకి ఒక పొద్దున్న సత్తి, "అమ్మా, ఆకలేత్తంది," అంది. ఆ మాట ఆ పిల్ల నోట విని ఎంతకాలమైందో, రమణమ్మ ఏడుస్తూనే నా వంటింటికి పరుగెత్తుకొచ్చింది.

చోడి అంబలి

ఇంటికి పంపేటప్పుడు డైటు చెప్పడం చాలా తేలిక. ఆ తర్వాత ఆ ఇంట్లో పొయ్యి మీద ఏం జరుగుతుందో తెలుసుకోవడమే అసలు ఉద్యోగం. నేను నెలకోసారైనా కంచరపాలెం వెళ్ళేదాన్ని.

నిజానికి మన వైపు ఈ జబ్బుతో బతకడం పెద్ద కష్టం కాదు. పొద్దున్న పులిసిన తరవాణి అన్నం, లేకపోతే చోడి అంబలి, అంటే రాగి జావ. ఇడ్లీ, పెసరట్టు, మధ్యాహ్నం అన్నం, చేపల పులుసు. జాలరిపేట నుంచి గంపతో వచ్చే ఆవిడ సత్తి కోసం ముళ్ళు తక్కువున్న చేప ఏరి పెట్టేది. చిక్కల్లా నామోషీ దగ్గర వచ్చింది. "పోర్టులో ఉజ్జోగం సేసీవోడి కూతురికి సోడంబలేటమ్మా? కూలోళ్ళ కూడు కాదా?" అని అప్పలనరసమ్మ నన్ను నిలదీసింది. ఆ అంబలి తాగే కదా నువ్వింత గట్టిగా నన్ను దెబ్బలాడుతున్నావు అన్నాను. ముసలమ్మ నవ్వాపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ సఖ్యత.

పిల్ల ఒళ్ళు చేసింది. బళ్ళోకి క్యారేజీ పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. పక్కింటి పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నేను వీధి మొగలో నిలబడి చూసేదాన్ని.

అంతలో మళ్ళీ మొదలైంది.

పెద్ద డాక్టరుగారి పొరపాటు

ఉన్నట్టుండి విరేచనాలు, పొట్ట ఉబ్బరం, చిరాకు. కొన్ని రోజులకి సర్దుకునేది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా అంతకుముందు పట్టిన ఒళ్ళు కాస్తా కరిగిపోయేది.

డాక్టరుగారు తండ్రి మీద ఎగిరిపడ్డారు. "నిజం చెప్పు, బన్ను తెచ్చావా?"

"మా సామి మీద ఒట్టండీ. ఇంట్లోకి గోదుమ గింజ రానిత్తే నానే సెడిపోతాను."

అతను అబద్ధమాడే మనిషి కాదు. నేను వెళ్ళి వంటిల్లంతా గాలించాను. బియ్యప్పిండి పట్టించే మరలో అంతకుముందు గోధుమలు పట్టినట్టు తేలింది, పిండి ఇంట్లోనే తిరగలిలో విసురుకోమన్నాను. చారులో వేసే ఇంగువ పొడిలో మైదా కలుస్తుందని చెప్పి ఆ డబ్బా తీయించాను. ఎండలకి చలవ చేస్తుందని పక్కింటావిడ ప్రేమగా తాగించిన బార్లీ నీళ్ళు కూడా మాన్పించాను. గోధుమ కాదు కదా, ఏం ఫరవాలేదులే అనుకుందావిడ. ఇన్ని చేసినా జబ్బు తన దారిన తాను వచ్చిపోతూనే ఉంది.

"నిన్న ఏం తింది? మొన్న ఏం తింది?" అని పొద్దున్న లేచింది మొదలు ప్రతి పూట తిండీ అప్పలనరసమ్మని అడిగేదాన్ని. అంబలి, అన్నం, చేప, అరటిపండు. ఒక్కటీ దాచకుండా చెప్పేది.

చివరికి పెద్ద డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నేనే పొరబడ్డానమ్మా. మన పిల్లలకి ఇది రాదని నలుగురూ అంటుంటే, నేనేదో కనిపెట్టాననుకున్నాను. గోధుమ లేకుండా కూడా తిరగబెడుతోందంటే ఇది వేరే జబ్బు. పేగుల్లో క్షయ అయుండొచ్చు. వచ్చే సోమవారం చేర్చుకుని ఆ మందులు మొదలుపెడదాం. మామూలు తేలిక డైటు రాసెయ్."

తేలిక డైటంటే మళ్ళీ బ్రెడ్డే. ఆ బ్రెడ్డుతో సత్తి ఎలా అయిపోయిందో కళ్ళారా చూసినదాన్ని. "ఇంకొన్నాళ్ళు ఆగుదామండీ," అన్నాను.

"ఆగి పిల్లని పోగొట్టుకుందామా?" అన్నారు. ఆయన తన తప్పు తాను ఒప్పుకోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. చూసిన ఆ ఒక్కసారీ ఆయన తప్పు చేయలేదు. తర్వాతి రోజుల్లో ఈ సంగతి తలుచుకుని ఇద్దరం నవ్వుకునేవాళ్ళం కానీ ఆ పూట నవ్వొచ్చే పరిస్థితి కాదు.

పౌర్ణమి

సోమవారం ఇంకా రాకముందే సన్నాసిరావు ఆసుపత్రికి వచ్చాడు. "మేడంగారూ, ఇయ్యాల పున్నం కదండీ. ఇంట్లో వ్రతముంది. మీరు తప్పకుండా రావాలని మా యమ్మ సెప్పమంది," అన్నాడు.

పిల్లని మళ్ళీ మంచమెక్కించబోయే ముందు వాళ్ళింట్లో ఒక పూట కూర్చుని రావాలనిపించింది. సాయంత్రం వెళ్ళాను. గుమ్మానికి మామిడాకులు, మండపానికి అరటిపిలకలు. మధ్యమధ్య గూడ్సుబండి పోతుంటే పంతులుగారు కథ ఆపి, అది వెళ్ళాక అందుకునేవారు. సత్తి కొత్త గౌను వేసుకుని నాయనమ్మ ఒళ్ళో కూర్చుంది. అప్పుడే చెప్పింది ముసలమ్మ, పిల్ల ఆసుపత్రి నుంచి నవ్వుతూ ఇంటికొస్తే ఏడాది పొడుగునా ప్రతి పున్నానికీ వ్రతం చేయిస్తానని మొక్కుకుందట. ఏడాది ఇంకా పూర్తికాలేదు.

కథ ముగిసింది. ప్రసాదం వచ్చింది. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. నెయ్యి, పంచదార, యాలకులు, కమ్మగా వేగిన గోధుమరవ్వ.

మన ఇళ్ళల్లో ఆ స్వామి ప్రసాదమంటే గోధుమరవ్వే. ఈ సంగతి తెలియని తెలుగువాళ్ళుంటారా? నాకూ తెలుసు. తెలిసీ ఆ ముద్ద నాలిక్కి తగిలేదాకా తట్టలేదు. తలెత్తి చూసేసరికి సత్తి అరచేతిలో ఇంత ముద్ద. నాయనమ్మ దానిమీద ఇంకాస్త నెయ్యి వేస్తోంది.

"సత్తీ, తినకు!"

నా గొంతు నాకే వింతగా వినిపించింది. ప్రసాదం తినొద్దన్న మనిషిని ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే ఎవరూ చూసి ఉండరు. వ్రతకథలో ప్రసాదం వదిలేసి వెళ్ళినవాళ్ళకి ఏం జరిగిందో అప్పుడే అందరూ విని ఉన్నారు. ఓడ మునిగిపోయింది.

"ఓలమ్మ! ఏటంతన్నావమ్మా?" అప్పలనరసమ్మ ముఖం ఎర్రబడింది. "ఆ సామి పేరెట్టుకున్న గుంటకి ఆ సామి పెసాదం ఒద్దంతావా?"

"అందులో గోధుమరవ్వ ఉందమ్మా. ప్రతి పున్నానికీ పెడుతున్నావా?"

"పెట్టనా మరి? దాని పానం నిలబెట్టిందదే కదా! అందరికన్నా ముందల దానికే పెడతన్నాను."

"మరి ఏం తిందని నేను అన్నిసార్లు అడిగితే ఇది చెప్పలేదేం?"

ముసలమ్మ నన్ను వింతగా చూసింది. "నువ్వు తిండి గురించి కదా అడిగినావు. పెసాదం తిండేటమ్మా?"

ఆమె దాచలేదు. నేను తినే ప్రసాదాన్ని నేనూ ఏ రోజూ తిండి లెక్కలో కలపలేదు. పున్నమికీ పున్నమికీ మధ్య పిల్ల కోలుకోవడం, పున్నమి వెళ్ళగానే పడిపోవడం నా కళ్ళముందు కదిలాయి. సన్నాసిరావుకి కూడా తట్టినట్టుంది. "అమ్మా, కిందటి పున్నం మర్నాడే కదే దీనికి బాగోనేదు? ఆ ముందలది కూడా…" అని ఆగిపోయాడు.

ముసలమ్మ నెయ్యి గిన్నె కింద పెట్టింది. "అంటే, నానే సంపుకుంతన్నానా దీన్ని?"

"కాదమ్మా. నీకు తెలీదు, మాకూ తెలీలేదు," అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాను. పిల్ల బతకాలి, దేవుడికిచ్చిన మాటా దక్కాలి. ఆ రెండిట్లో ఒకటి వదులుకోమంటే ఏ నాయనమ్మ మాత్రం ఏం చేస్తుంది?

అప్పుడు పంతులుగారు గొంతు సవరించుకున్నారు. "అప్పలనరసమ్మా, కంగారుపడకు. గోధుమ దొరకనిచోట బియ్యపురవ్వతో చేసుకోవచ్చని వ్రతవిధానంలోనే ఉంది. నేను చదువుతూనే ఉంటాను. మనకి దొరుకుతోంది కదాని ఎవరూ పట్టించుకోరు."

"మరి మాకు దొరుకుతాది కదండీ పంతులుగారూ."

"ఈ ఇంట్లోకి రావడానికి వీల్లేదని డాక్టర్లే చెప్పారు కదా. ఇక దొరికినట్టా, దొరకనట్టా?"

ముసలమ్మ ఆలోచించింది. అయినా సత్తి చేతిలో ముద్ద అలాగే ఉంది. దాన్ని పారేయడానికి లేదు, మళ్ళీ పళ్ళెంలో వేయడానికీ లేదు. అందరం ఆ చిన్న అరచేతినే చూస్తున్నాం. అప్పలనరసమ్మ వంగి, మనవరాలి చేతిలోంచి ప్రసాదం మొత్తం తీసి తన నోట్లో వేసుకుంది. పటం వైపు తిరిగి, "దాని వొంతు నాను తినీసినాను సామీ. ఏటడిగినా నన్నడుగు, దాన్నడక్కు," అంది. తర్వాత సత్తి చెయ్యి నీళ్ళతో కడిగి తన చెంగుతో తుడిచింది. అక్కడున్నవాళ్ళలో కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు, నాతో సహా.

సోమవారం

సోమవారం పెద్ద డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన ఒక్కసారిగా పెద్దగా నవ్వారు. వార్డులో పిల్లలు ఉలిక్కిపడ్డారు.

"గోధుమ పెట్టి చూడటం, ఆపి చూడటం. మనం చేయాల్సిన పరీక్ష ఆ స్వామే ప్రతి పౌర్ణమికీ చేసి చూపిస్తున్నాడమ్మా. మనం చదువుకోలేకపోయాం," అన్నారు. క్షయ మందుల మాట మళ్ళీ ఎత్తలేదు. అన్నం తినేవాళ్ళకి ఆ జబ్బు రాదన్న మాట కూడా ఇంకెవరి నోటా రానివ్వలేదు.

అప్పట్నుంచి నేను కొత్తగా చేరినవాళ్ళకి ముందుగా చెప్పేది ఇదే. రోగిని "ఏం తిన్నారు?" అని అడిగి ఊరుకోకండి. తిండి అంటే ఏమిటో ఒక్కో ఇంట్లో ఒక్కో లెక్క. ప్రసాదం తిండి కాదు, మందు తిండి కాదు, తాంబూలం తిండి కాదు, పక్కింట్లో రుచి చూసింది అసలే కాదు. పొద్దున్నుంచి నోట్లో ఏమేం పడిందో అడగండి. వీలైతే ఆ ఇంట్లో ఒక పండగ పూట కూర్చోండి. మామూలు రోజుల్లో ఎవరైనా డైటు పాటిస్తారు.

ఎనభైల్లో స్టీలుప్లాంటు పనులకి ఉత్తరాది కుటుంబాలు చాలా దిగాయి. అలాంటి పిల్లలు మరికొందరు వచ్చారు. రొట్టె లేకపోతే అది భోజనమే కాదని వాపోయే తల్లులకి చోడిరొట్టె కాల్చడం నేర్పించాను. వాళ్ళనీ ముందు అడిగేదాన్ని, మీ గుళ్ళో ఏం పెడతారని. గోధుమ హల్వా అని చెప్పి, చెప్పాక నాలుక కరుచుకునేవారు.

అదే వీధిలో

ఆ పున్నం తర్వాత ఏడాదో, ఆ పైనో గడిచాక సత్తి వాళ్ళ వీధి చివరింట్లో కొత్త పెళ్ళివాళ్ళు వ్రతం చేసుకున్నారు. నాకూ పిలుపు వచ్చింది. అప్పటికి ఆ వీధిలో నేను అందరికీ డైటు మేడాన్ని. వెళ్ళేసరికి కథ అయిపోవచ్చింది. గదినిండా జనం. సత్తి ముందు వరుసలో, పొడుగ్గా ఎదిగి, రెండు జడలతో కూర్చుంది. ఆ ఇంటావిడ ప్రసాదం పంచుతూ వచ్చి, చాచిన ఆ చేతిలో ఒక ముద్ద పెట్టింది.

ఇది అప్పలనరసమ్మ ఇల్లు కాదు. నేను ఉన్నచోటి నుంచే లేచి, "ఆగు సత్తీ!" అని అరిచాను.

ఆ ఇంటావిడ నా వైపు తిరిగి నవ్వింది. "బియ్యం రవ్వేనమ్మా. ఈ ఈదిలో ఎవలింట్లోనైనా అదే సేత్తన్నాం. సత్తి వొత్తాది కదా."

గోడవారన కూర్చున్న అప్పలనరసమ్మ కాస్త జరిగింది. పక్కన చోటు చూపించి కూర్చోమంది. సత్తి ప్రసాదం కళ్ళకద్దుకుని తినేసి, చెయ్యి తలకి రాసుకుని, నా ముందు పెట్టిన ప్రసాదం దొన్నె వైపు చూసింది.

"తినండి మేడంగారూ," అంది. "మీరొకరే తిననేదు."